మోటారు యంత్రమునకు నూనె మట్టము



ఎడ్లబండి తోలిన అనుభవము మీలో పెక్కుమందికి గలదు. బండి క్రింద వ్రేలాడుచుండిన కందెన గొట్టమును మీరు మఱచియుండరు. కందెన వేయక బయలుదేరిన బండి ఊరి పొలిమేర దాటకమునుపే కీచుమని మొఱపెట్టును, ఇరుసు అరుగును. అందుచేతనే ప్రయాణమునకు ముందు "కందెన వేసితివా?" యని పెద్దలు తప్పక అడిగెడివారు. వేసినది కొంచె మెక్కువైనను చింత లేదు. మిగిలినది బాటపై కారిపోవును, దానికి దుమ్ము పట్టును, అంతే. ఈ అనుభవమువలన మనకొక నమ్మకము స్థిరపడినది: నూనె తక్కువైనచో కీడు, ఎక్కువైనచో నష్టము లేదు. ఇరుసు విషయమున ఈ నమ్మకము సరియైనదే. మోటారు యంత్రము విషయమున మాత్రము సరికాదు. నూనె తక్కువైనచో అది చెడును. మిక్కిలి ఎక్కువైనను చెడును. నేడు నేను విన్నవింపదలచినది ఈ సంగతియే.

నేను బౌద్ధనగరున నివసించువాడను. సికింద్రాబాదును అంటియున్న ఈ పేటకు ఒక ప్రక్క ఉస్మానియా విశ్వవిద్యాలయపు విశాలమైన ఆవరణ గలదు. సీతాఫలమండి, నామాలగుండు చేరువననే యున్నవి. తార్నాక దూరము కాదు. ఇండ్లు దగ్గఱదగ్గఱగా నుండును, సందులు ఇరుకు, నేల ఎత్తుపల్లము. ఆదివారము ఉదయమున ఏదో యొక వాకిట ఒక యువకుడు తన కారు క్రింద దూరి నట్టు విప్పుచు కనిపించును. తన బండికి తానే నూనె మార్చుకొనుట యిప్పుడు పలువురకు వేడుకయు, కొంత పొదుపును అయినది. మీ గ్రామములలోను అంతే. ట్రాక్టరో, కారో, నీరు తోడు డీజిలు యంత్రమో లేని వాడ అరుదు. పట్టణమునకు తీసికొనిపోవు శ్రమ లేకుండ కుఱ్ఱవాండ్రు ఇంటివద్దనే నూనె మార్చుచున్నారు. ఇది మెచ్చుకొనదగిన పని. నట్టు విప్పుట, పాతనూనె వదలుట, క్రొత్తనూనె పోయుట, వీనిలో గొప్ప విద్య యేమియు లేదు. పొరపాటు జరుగునది పోసిన నూనె ఎంతవఱకు రావలెనో చూచుకొనుటయందే.

యంత్రము లోపలి సంగతి కొంచెము తెలిసికొన్నచో కారణము దానంతట అదే బోధపడును. యంత్రమునకు అడుగున ఒక తొట్టి యున్నది. మెకానిక్కులు దానిని ఛాంబరు అందురు. నూనె నిలుచు చోటు అదియే. అందులో మునిగియున్న జల్లెడగొట్టము ద్వారా ఒక చిన్న పంపు నూనెను పీల్చి, ఫిల్టరు గుండ పోనిచ్చి, సన్నని దారులవెంట పైకి పంపును. ఛాంబరునకు పైన క్రాంకు షాఫ్టు అను లావైన ఇనుపకడ్డీ తిరుగుచుండును. బండి బాటపై పోవుచున్నప్పుడు అది నిమిషమునకు రెండువేలో మూడువేలో చుట్లు తిరుగును. అట్లు తిరుగుచున్నను, అది బేరింగు లోహమును నిజముగా తాకదు. రెండింటి నడుమ కాగితముకంటె పలుచనైన నూనెపొర యొకటి నిలిచి, ఆ బరువునంతయు మోయుచుండును. యంత్రము ఆయుస్సు ఆ పొరమీద ఆధారపడియున్నది.

నూనె తక్కువైనప్పుడు ఏమగునో ఊహించుట సులభము. బండి ఎత్తు ఎక్కునప్పుడు, మలుపు తిరుగునప్పుడు ఛాంబరులోని నూనె ఒకవైపునకు ఒరగి, జల్లెడగొట్టపు మూతి బయటపడును. పంపు నూనెకు మాఱు గాలిని పీల్చును. దమ్ము చేయు మడిలో ఒకప్రక్కకు ఒరగి నడచు ట్రాక్టరునకు ఈ గండము మఱింత ఎక్కువ. ముందుపలకమీద ఎఱ్ఱదీపము వెలుగును గదా యని కొందఱు ధైర్యముగా నుందురు. ఆ దీపము నూనె ఒత్తిడిని తెలుపునదే కాని మట్టమును తెలుపునది కాదు. అది వెలిగిన వేళకే ప్రమాదము వచ్చి కూర్చున్నది. వెంటనే యంత్రము నాపవలెను, ఇంటిదాక పోవుదమని నడపరాదు.

ఇక ఎక్కువైనప్పటి సంగతి. ఛాంబరులో నూనె హద్దు మీఱి పైకి వచ్చినచో, తిరుగుచున్న క్రాంకు షాఫ్టు దానిని కొట్టుచుండును. చల్లకుండలో కవ్వము తిరిగినప్పుడు ఏమగునో మన యింటి స్త్రీలను అడుగుడు. నుఱుగు పుట్టును. యంత్రమునందును అదే జరుగును. నుఱుగులో సగము గాలి. గాలికి బరువు మోయు శక్తి లేదు. పంపు ఆ నుఱుగునే పీల్చి బేరింగులకు పంపును. ఛాంబరు నిండ నూనె యుండియు బేరింగు ఎండిపోవుట యను వింత ఇట్లు సంభవించును. అంతేకాదు, చిలుకుటవలన నూనె వేడెక్కును, బండి బలము తగ్గును. లోపలి ఒత్తిడికి ఆయిల్ సీళ్లు ఓడి చెమ్మగిల్లును. కొంతనూనె ఆవిరి గొట్టము వెంట గాలి పీల్చు దారిలోనికి పోయి, పెట్రోలుతో కలిసి కాలి నీలిపొగ యగును. ఇప్పటి కార్ల పొగగొట్టములలో పొగను శుద్ధిచేయుటకు అమర్చిన ఖరీదైన పరికరము దానివలన పాడగును. డీజిలు యంత్రమున ఇంతకంటె భయంకరమైనదొకటి గలదు. లోనికి పోయిన నూనెనే ఇంధనముగా గ్రహించి యంత్రము విజృంభించును; తాళము త్రిప్పినను ఆగదు. అది అరుదైన సంగతియే, కాని జరిగినచోట యంత్రము తునుకలగుటయు కలదు.

మా వీధిలో ఒక పెద్దమనుష్యునికి జరిగిన సంగతి చెప్పెదను. ఆయన మిక్కిలి జాగ్రత్త గలవాడు. ఏ పనియు పరులకు విడువడు. చిన్నకారునకు నూనె మార్చదలచి నాలుగు లీటర్ల డబ్బా కొని తెచ్చినాడు. బండి నిలిపినది మా సందులోని ఏటవాలున, మూతి పైకి చేసి. వాలువలన పాతనూనె కొంత ఛాంబరు మూలలో నిలిచిపోయినది. క్రొత్తనూనె మూడు లీటర్లు పోసి కొలిచి చూచినాడు. అదే వాలువలన మట్టము తక్కువగా కనిపించినది. డబ్బాలో మిగిలినది ఉంచి యేమి లాభమని అదియు పోసినాడు. మఱునాడు ఆ కారు పొగ విడుచుచు తార్నాక చౌరస్తా చేరుసరికి వెనుకవచ్చువారు కేకలు వేసిరట. మెకానిక్కు వచ్చి, సమతలమున నిలిపి, లీటరునకు పైగా నూనె తీసివేసినాడు. పొగ నిలిచినది, సీలునుండి కారుట మాత్రము నిలువలేదు. యంత్రము విప్పి సీలు మార్చుటకైన కూలి పది పర్యాయములు నూనె మార్పించుటకు సరిపోయెడిది.

ఆయనది అజ్ఞానమని నేననను. మనకు కొసరు అనగా ఇష్టము. అంగడిలో పప్పు కొలిచినను, పాలు పోసినను, "ఇంకొంచెము" అనక మానము. అసలుకంటె కొసరు ముద్దని మన సామెతయే గలదు. యంత్రము కొసరు నొల్లదు. నూనె డబ్బా అంగడివాని సౌకర్యమునకు చేసినదే కాని మన బండి కొలతకు చేసినది కాదు. చిన్నకార్లు పెక్కింటికి మూడు లీటర్లకు అటు నిటుగా పట్టును, పెద్దవానికి నాలుగైదు, ట్రాక్టరునకు చిన్నకారునకంటె రెట్టింపునకు మించియు పట్టవచ్చును. సరియైన లెక్క బండితో ఇచ్చిన పుస్తకమున నుండును. దానిలో సాధారణముగా రెండు లెక్కలుండును, ఫిల్టరు మార్చినప్పటిది, మార్చనప్పటిది. ఆ పుస్తకము అటకమీద పడవేయక బండిలోనే యుంచుకొనుడు.

ఇప్పుడు పని క్రమము. బండిని సమమైన నేలమీద నిలుపవలెను. గ్రామమున మీకు కళ్లము గలదు, పాఠశాల ముంగిలి గలదు. మాకు ఇరుకుసందులే గతి. నేను మట్టము చూచుకొనుటకు మాత్రము కొంతదూరము పోయి చదునైన చోట నిలిపెదను. బండిని ఎత్తవలసివచ్చినచో ఒక్క జాకీని నమ్మి క్రింద దూరరాదు. గట్టి స్టాండ్లు పెట్టి, చక్రములకు అడ్డురాళ్లు వేసి, అప్పుడే దూరవలెను. ఈ మాట కఠినముగా చెప్పుచున్నాను, ఏలయన జాకీ జాఱుటకు క్షణము చాలును. ఎత్తిన బండిని మరల క్రిందికి దింపిన పిదపనే మట్టము చూడదగును.

యంత్రమును నాలుగైదు నిమిషములు నడిపి ఆపినచో నూనె పలుచబడి, మురికితో సహా దిగును. చేయి కాలునంత వేడిగా నుండరాదు. నట్టు విప్పి, ధార తెగి చుక్కలు పడువఱకు పావుగంట ఓపికతో నుండుడు. దిగిన నూనెను ఒక పాత్రలో కొలిచి చూచుట మంచిది. క్రిందటిమాఱు మూడు లీటర్లు పోసితిరి, ఇప్పుడు రెండే దిగినవనుకొనుడు. యంత్రము నూనె త్రాగుచున్నదని తెలిసిపోవును. కాని దిగినది రెండు గనుక రెండే పోయుదమనుట కూడదు. పోయవలసినది పుస్తకము లెక్క, నిర్ణయింపవలసినది డిప్ స్టిక్.

నట్టునకు క్రొత్త వాషరు వేసి బిగించుడు. ఫిల్టరు మార్చునప్పుడు పాత రబ్బరుచుట్టు యంత్రమునకే అంటుకొనియున్నదేమో చూచి తీసివేయుడు. క్రొత్తదాని రబ్బరునకు వ్రేలితో కొంచెము నూనె పూసి చేతితోనే బిగించుడు. తరువాత లెక్కలో నాలుగింట మూడువంతులు మాత్రమే పోసి ఆగుడు. ఈ ఆగుటయే ముఖ్యము. నూనె చిక్కని పదార్థము. పైనుండి ఛాంబరునకు దిగుటకు సమయము పట్టును. తొందరపడి చూచినచో తక్కువగా కనిపించును, మనము మఱికొంత పోయుదుము, అది దిగినతరువాత ఎక్కువగును. అయిదుపది నిమిషములు కాచి, డిప్ స్టిక్ చూచి, క్రింది గుర్తునకు పైకి వచ్చినచో మూత బిగించి యంత్రమును ఒక నిమిషము నడుపుడు. క్రొత్త ఫిల్టరు తన భాగము తాను నింపుకొనును. ఎఱ్ఱదీపము ఆఱినదని చూడుడు. యంత్రము నాపి మరల పది నిమిషములు కాచి చూచినచో మట్టము కొంత తగ్గియుండును. అప్పుడు కొంచెము కొంచెముగా పోయవలెను.

డిప్ స్టిక్ చూచుటయందును మెలకువ గలదు. మొదట లాగినప్పుడు కనిపించునది లెక్కకు రాదు; దారిలోని నూనె దానికి అంటియుండును. శుభ్రమైన తెల్లగుడ్డతో తుడిచి, చివరివఱకు దింపి, మరల లాగి చూడవలెను. క్రొత్తనూనె తేనెవన్నెతో స్వచ్ఛముగా నుండుటచే హద్దు తెలియక కన్ను మోసపోవును. తెల్లకాగితము వెనుక పట్టి వెలుతురున చూడుడు. రెండు ముఖములు రెండు విధములుగా చూపినచో తక్కువ చూపిన ముఖమునే నమ్ముడు. కొన పైకెత్తి పట్టినచో నూనె వెనుకకు ప్రాకును గనుక కొన క్రిందికే యుండవలెను. రెండు గుర్తుల నడుమ నున్న ఎడము పెక్కు కార్లలో ఇంచుమించు ఒక లీటరు. కావున సగమునకు వచ్చినచో ఇంక అరలీటరు పట్టును, ముప్పావునకు వచ్చినచో పావులీటరు. పై గుర్తునకు కొంచెము దిగువ నిలిపినను లోపము లేదు. పై గుర్తును దాటనీయరాదు. చల్లగా నున్నప్పుడు చూడవలెనో, నడిపి ఆపిన కొంతసేపటికి చూడవలెనో యంత్రమునుబట్టి మారును, అదియు పుస్తకముననే యుండును.

ఎక్కువ పోసినట్లు తెలిసినచో యంత్రమును నడపక, డిప్ స్టిక్ దిగు రంధ్రముగుండ సన్నని గొట్టము దింపి పెద్ద సిరంజితో లాగివేయవచ్చును. లేదా క్రింది నట్టును కొంచెము వదలు చేసి తగినంత దింపవచ్చును. చేతికి తొడుగు వేసికొనుడు.

ఒక్కొక్కప్పుడు పోయకయే మట్టము పెరుగును. దానికి సంతోషింపరాదు. నూనె పలుచబడి డీజిలు వాసన కొట్టినచో లోపల డీజిలు కలియుచున్నది. పాలు కలిపిన టీ వలె తెల్లబారినచో నీరు చేరినది. 2020 అక్టోబరులో హైదరాబాదును ముంచిన వానలలో పల్లపు కాలనీలందు ఎన్నియో కార్లు మునిగినవి. అట్టి బండిని ఆత్రముతో స్టార్టు చేయరాదు. ముందు డిప్ స్టిక్ లాగి చూచి మెకానిక్కును పిలువవలెను. నీరు తోడు పాతరకపు డీజిలు యంత్రములు కొన్నింటిలో పంపు ఉండదు. తిరుగు భాగమునకు అమర్చిన చిన్న గరిటె వంటిది నూనెను ముంచి చిమ్ముచుండును. మట్టము వ్రేలెడు తగ్గినను గరిటెకు నూనె అందదు.

ఏ నూనె పోయవలెనను ప్రశ్న వేఱు. పుస్తకమున వ్రాసిన రకము తప్ప వేఱొకటి వలదు. నల్లగొండ, పాలమూరు ప్రాంతములవారు ఈ మాట విని నవ్వుకొందురేమో, 1914-18 నాటి యుద్ధమున విమానముల యంత్రములు పెక్కు మన చేలలో పండునట్టి ఆముదముతోనే తిరిగినవి. కాస్ట్రాల్ అను నూనెకు 1909లో ఆ పేరు వచ్చినది ఆముదపు ఆంగ్లనామమునుండియే. తార్నాకలో నున్న భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, 1944లో హైదరాబాదు రాష్ట్రమున పుట్టిన పరిశోధనశాల, తైలములపై చిరకాలముగా పరిశోధన చేయుచున్నది. అయినను ఇంటి ఆముదమును నేటి కారులో పోయరాదు. అది జిగురై దారులు మూయును.

దిగిన పాతనూనెను చెదలు పట్టకుండ తలుపులకు, వాసములకు పూయుట మన అలవాటు. దానిలో అరిగిన లోహపు పొడియు, కాలిన మసిలోని విషపదార్థములును గలవు. పశువులు నాకు చోట, ధాన్యముంచు చోట పూయకుడు. చెఱువులో, కాలువలో, బావిదగ్గఱ పోయుట అంతకంటె చెడ్డది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థముల నియమములలో వాడిన నూనెయు చేరినది. మూతగల డబ్బాలో పోసి, నూనె శుద్ధిచేయువారికి చేర్చు మెకానిక్కు షెడ్డునకు ఇచ్చివేయుడు. డబ్బా ఇచ్చి వచ్చిన మఱునాటి ఉదయమున బండి క్రింద చుక్కలు పడినవేమో చూచి, యంత్రము చల్లగా నుండగనే డిప్ స్టిక్ ఇంకొకసారి లాగి చూడుడు.