తెగిన బోల్టు, ఆగిన బండి



ఈ పూట మాట ఒక బోల్టు గురించి. బోల్టు సంగతి ఆడవాళ్లకెందుకు అని కొందరు నవ్వుతారు. నవ్వితే నవ్వనివ్వండి. బండి ఆగితే ఎవరి కూరలు వాడిపోతాయి? ఎవరి గిరాకీ పోతుంది? రిపేరు డబ్బు ఎవరి పొదుపులోంచి పోతుంది? అందుకే వినండి.

బడంగ్‌పేట్ మీకు తెలిసిన ఊరే. ఒక పక్క బాలాపూర్, ఒక పక్క నాదర్‌గుల్. ఇంకొంచెం పోతే తుక్కుగూడ. అటు నుంచి శంషాబాద్ విమానాశ్రయం దారి. 2008లో ఆ విమానాశ్రయం తెరిచారు. రోడ్లు పెరిగాయి, బండ్లు పెరిగాయి. బండి మీద బతికే ఇళ్లు కూడా పెరిగాయి.

అలాంటి ఇల్లు ఒకటి అనుకోండి. ఆ ఇంటి అక్క కూరగాయలు అమ్ముతుంది. భర్త పాత మారుతీ వ్యాను నడుపుతాడు. తెల్లవారకముందే వంకాయలు, టమాటాలు ఎక్కించుకుని సరూర్‌నగర్ రైతు బజారుకు పోతారు. ఒకరోజు బండి కింద నూనె మరక కనిపించింది. మెకానిక్ దగ్గరికి పోయారు. అతను వెనక బోల్టులు విప్పుతున్నాడు. టక్కుమని చప్పుడు. ఒక బోల్టు తల ఊడి చేతికి వచ్చింది. మిగతా ముక్క లోపలే ఉండిపోయింది.

"అక్కా, ఇగ లాభం లేదు. మొత్తం డబ్బానే మార్చాలె" అన్నాడు మెకానిక్.

పక్కనున్న ఇంకొకాయన, "ఒక్క బోల్టు లేకుంటే ఏమైతది? ఎం-సీల్ పెట్టి నడుపుండ్రి" అన్నాడు.

ఈ రెండు మాటల్లో ఏది నిజం? రెండూ నిజం కావు. ఎందుకో చూడండి.

వెనక ఉండే ఆ గుండు ఏమిటి?

వ్యాను వెనక కిందికి వంగి చూస్తే రెండు చక్రాల మధ్య ఇనుప గుండు ఒకటి కనిపిస్తుంది. దాన్ని డిఫరెన్షియల్ అంటారు. మెకానిక్కులు క్రౌన్ అని కూడా అంటారు. దాని లోపల పళ్ల చక్రాలు ఉంటాయి. చిక్కటి నూనె ఉంటుంది.

అన్ని కార్లకూ వెనక ఈ గుండు ఉండదు. చాలా చిన్న కార్లలో ఇంజను ముందు చక్రాలనే తిప్పుతుంది. అంబాసిడర్ కారు, మారుతీ వ్యాను, టాటా ఏస్ లాంటి వాటిలో ఇంజను బలం వెనక చక్రాలకు పోతుంది. అలాంటి బండ్లకే వెనక గుండు ఉంటుంది.

దాని పని ఏమిటి? ఇద్దరు అక్కలు చేతులు పట్టుకుని నడుస్తున్నారు. మలుపు వచ్చింది. లోపలి వైపు ఉన్న అక్క మెల్లగా నడిస్తే చాలు. బయటి వైపు ఉన్న అక్క మాత్రం గబగబా అడుగులు వేయాలి. లేకపోతే చేయి లాగుతుంది. బండి చక్రాలు కూడా అంతే. రెండు చక్రాల మధ్య ఒక మీటరు దూరం ఉందనుకోండి. బండి ఒక పూర్తి చుట్టు తిరిగితే బయటి చక్రం 6 మీటర్లకు పైగా ఎక్కువ నడవాలి. అంటే ఒక చీర పొడవు కంటే ఎక్కువ!

ఎడ్లబండికి ఈ తిప్పలు లేవు. దాని చక్రాలు ఇరుసు మీద దేనికది తిరుగుతాయి. మోటారు బండిలో ఇంజను రెండు చక్రాలనూ తిప్పాలి. అయినా ఒకటి ఎక్కువగా, ఒకటి తక్కువగా తిరగాలి. ఈ చిక్కును డిఫరెన్షియల్ విప్పుతుంది. దాదాపు రెండు వందల ఏళ్ల కిందట ఫ్రాన్సు దేశంలో పెకూర్ అనే గడియారాల పనివాడు ఈ ఉపాయాన్ని బండికి పెట్టాడు.

ఒక్క బోల్టు లేకపోతే ఏమవుతుంది?

గుండును మూసి పెట్టేవి బోల్టులే. అన్నీ సమానంగా పట్టి ఉంచితేనే నూనె లోపల ఉంటుంది. ఒకటి లేకపోతే అక్కడ సందు పడుతుంది. నూనె బొట్టు బొట్టుగా కారుతుంది. పక్క బోల్టుల మీద బరువు పెరుగుతుంది. రేపు అవి కూడా వదులవుతాయి.

నూనె తగ్గితే పళ్లు ఒకదాన్నొకటి గీరుకుంటాయి. వేడెక్కుతాయి. గూ... అని మోత వస్తుంది. చివరికి పళ్లు బిగుసుకుపోవచ్చు. రోడ్డు మీద పోతుండగా వెనక చక్రాలు ఒక్కసారి ఆగిపోతే బండి అదుపు తప్పుతుంది. అది ప్రాణాల మీది సంగతి. ఎం-సీల్ పైన అతుకుతుంది. బోల్టు చేసే పని అది చేయలేదు.

మరి డబ్బా మొత్తం మార్చాలా? అక్కర్లేదు. డబ్బా పగిలితే మార్చాలి. బోల్టు తెగితే బోల్టు ముక్కను తీయాలి. తీయడానికి దారులు ఉన్నాయి.

బండి కిందికి పోయే ముందు

బండి చదునైన నేల మీద ఉండాలి. వ్యానులో చేతి బ్రేకు వెనక చక్రాలనే పట్టుకుంటుంది. వెనక భాగం పైకి లేపితే ఆ బ్రేకు పనికిరాదు. అందుకే ముందు చక్రాలకు రెండు వైపులా గట్టి కట్టెలు గానీ రాళ్లు గానీ పెట్టాలి.

జాకీ లేపడానికే. మోయడానికి కాదు. లేపిన తర్వాత ఇనుప స్టాండ్లు పెట్టాలి. ఇటుకలు పెడితే పగులుతాయి. ఉత్త జాకీ మీద ఉన్న బండి కిందికి ఎవరినీ పోనివ్వకండి. మీ భర్త అయినా, మీ కొడుకు అయినా, పని నేర్చుకునే చిన్న పిల్లవాడు అయినా సరే.

ముక్కను తీసే దారులు

మొదటిది, నూనె, ఓపిక. ముందు గుండులోని నూనెను డబ్బాలోకి దింపాలి. బండి అప్పుడే ఆగి ఉంటే నూనె కాలుతుంది. చల్లారనివ్వాలి. బోల్టు చుట్టూ మట్టి, తుప్పు ఇనుప బ్రష్షుతో గీకాలి. తుప్పును వదిలించే నూనె కొట్టి రాత్రంతా ఉంచితే మంచిది. సుత్తితో మెల్లగా తట్టాలి. తట్టితే తుప్పు కదులుతుంది, నూనె లోపలికి దిగుతుంది.

ఇక్కడ ఒక మంచి మాట ఉంది. బోల్టు తల ఉన్నంతసేపూ బోల్టు బిర్రుగా లాగి ఉంటుంది. తల ఊడగానే ఆ లాగుడు పోతుంది. తుప్పు పట్టకపోతే మిగిలిన ముక్క అనుకున్నదానికంటే సులువుగా తిరుగుతుంది.

రెండోది, పట్టకారు. ముక్క కొంచెం బయటికి ఉంటే గట్టిగా పట్టే ప్లయరుతో పట్టాలి. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే బోల్టు బిగుస్తుంది. దానికి ఎదురుగా తిప్పితే వదులవుతుంది. ఒక్కసారిగా తిప్పకూడదు. కొంచెం ముందుకు, కొంచెం వెనక్కు. ఊరగాయ సీసా మూత బిగుసుకుంటే మీరు చేసేది ఇదే కదా!

మూడోది, నట్టు వెల్డింగ్. ముక్క పట్టుకు అందకపోతే దాని మీద ఒక నట్టు పెట్టి వెల్డింగ్ చేస్తారు. వేడికి తుప్పు పట్టు వదులుతుంది. కొంచెం చల్లారాక నట్టుకు పానా పెట్టి తిప్పుతారు. కానీ జాగ్రత్త. ముందు బ్యాటరీ తీగ విప్పాలి. నూనె తడి, పెట్రోలు పైపు దగ్గర ఉంటే నిప్పు అంటుకుంటుంది. గ్యాస్‌తో నడిచే బండి అయితే ఇంకా భయం. ఇది తెలిసిన వెల్డర్ చేయాల్సిన పని.

నాలుగోది, రంధ్రం వేయడం. ముక్క లోపలికి తెగితే ఇదే దారి. ముక్కకు సరిగ్గా నడిమధ్యలో పంచ్‌తో గుంట కొట్టాలి. మొదట సన్న డ్రిల్లు, తర్వాత కొంచెం లావు డ్రిల్లు. ఆ రంధ్రంలో ఎదురు మరలున్న ఉలి లాంటి సామాను పెట్టి తిప్పుతారు. దాన్ని ఎక్స్‌ట్రాక్టర్ అంటారు. అది వదులు చేసే వైపు తిరుగుతూ ముక్కను పట్టుకుని బయటికి తెస్తుంది. బలవంతం చేస్తే అదే లోపల విరుగుతుంది. అది చాలా గట్టి ఉక్కు. మామూలు డ్రిల్లు దాన్ని కోయలేదు. ముక్క రాకపోతే అక్కడితో ఆపి లేత్ షాపుకు పోవడం మేలు.

డ్రిల్లు దగ్గర నిలబడితే కొంగు నడుముకు చెక్కండి. జడ వెనక్కు కట్టండి. చేతికి గుడ్డ చుట్టుకోవద్దు, తిరిగే డ్రిల్లు దాన్ని లాగుతుంది. కంటికి అద్దాలు ఉండాలి. ఇనుప రవ్వ కంట్లో పడితే బోల్టు కంటే పెద్ద నష్టం.

ఇనుప పొడి పెద్ద శత్రువు

డ్రిల్లు వేస్తే ఇనుప పొడి రాలుతుంది. అది గుండులో పడకూడదు. పడితే పప్పులో రాయి పడ్డట్టే. పళ్లనూ బేరింగులనూ తినేస్తుంది. అందుకే తెరిచిన చోట శుభ్రమైన గుడ్డ కుక్కాలి. డ్రిల్లు మొనకు గ్రీజు పూయాలి. పొడి దానికి అంటుకుంటుంది. ఎన్ని గుడ్డలు పెట్టారో లెక్క పెట్టుకోవాలి. అన్నీ బయటికి తీశాకే మూయాలి.

తర్వాత రంధ్రం లోపలి మరలు శుభ్రం చేయాలి. మెకానిక్కులు ఈ మరలను చూడి అంటారు. చూడి పాడైతే ట్యాప్ అనే సామానుతో సరి చేస్తారు. బాగా పాడైతే లోపల కొత్త చూడి ఉన్న స్లీవ్ వేస్తారు. అప్పుడు కూడా డబ్బా మార్చే పని ఉండదు.

బోల్టు తల మీద చదువు

ఇప్పుడు మీ చదువుకు పని పడింది. కొత్త బోల్టు తల చూడండి. 8.8 అని గానీ 10.9 అని గానీ ఉంటుంది. అది ధర కాదు, బలం. 8.8 బోల్టు తెగాలంటే ఒక్కో చదరపు మిల్లీమీటరుకు సుమారు 80 కిలోల లాగుడు కావాలి. 10.9 అయితే 100 కిలోలకు పైనే. 10.9 ఉన్న చోట అంకె లేని చవక బోల్టు వేస్తే అది మళ్లీ తెగుతుంది. అందుకే పాత బోల్టు తలను పారేయనివ్వకండి. దాని అంకె చదివి అదే అంకె ఉన్న బోల్టు అడగండి.

ఇంకొక సంగతి. 8 మిల్లీమీటర్ల బోల్టుకు 12 నంబరు లేదా 13 నంబరు పానా పడుతుంది. పానా నంబరు తలకు సంబంధించింది. బోల్టు లావుకు కాదు. దుకాణంలో చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు.

చూడి కూడా కలవాలి. మామూలు 8 మిల్లీమీటర్ల బోల్టులో మర మరకు 1.25 మిల్లీమీటర్ల దూరం ఉంటుంది. పూర్వం ఒక్కో కార్ఖానా తనకు తోచినట్టు మరలు కోసేది. ఒకచోట చేసిన నట్టు ఇంకొకచోట బోల్టుకు పట్టేది కాదు. 1841లో ఇంగ్లండులో విట్‌వర్త్ అనే ఆయన అందరికీ ఒకే కొలత ఉండాలని చెప్పాడు. ఇప్పుడు మిల్లీమీటర్ల కొలత చాలా దేశాల్లో నడుస్తోంది. అందుకే సరైన అంకె చెబితే ఏ ఊళ్లోనైనా సరైన బోల్టు దొరుకుతుంది.

బిగించేటప్పుడు వరసగా బిగించకూడదు. ఒకటి ఇటు బిగిస్తే తర్వాతది దానికి ఎదురుది బిగించాలి. పానాకు పొడుగు పైపు తగిలించి బలం చూపకూడదు. బోల్టులు తెగడానికి అది కూడా ఒక కారణం. కంపెనీ చెప్పిన రకం నూనె, నూనె పోసే రంధ్రం అంచు దాకా పోయాలి. కొంత దూరం నడిపాక కింద కొత్త మరక ఉందో లేదో చూడాలి.

అడిగితే తప్పు లేదు

ఆ కూరగాయల అక్క దగ్గరికి మళ్లీ వస్తే, ఆమె మెకానిక్‌ను ఏమని అడగవచ్చు?

"తమ్ముడూ, డబ్బా పగిలిందా, బోల్టు తెగిందా? చూపియ్యి."

"ముక్కను ఎట్ల తీస్తవు? రాకుంటే లేత్ షాపుల తీస్తరా?"

"ఎంతైతదో ముందుగాల కాయితం మీద రాసియ్యి."

"పాత బోల్టు నాకియ్యి."

ఈ నాలుగు మాటలకు గొడవ అక్కర్లేదు. మంచి మెకానిక్ అయితే కోపం తెచ్చుకోడు. అడిగే మనిషి ఎదురుగా ఉంటే పని కూడా శ్రద్ధగా సాగుతుంది. ఒకవేళ అతను డబ్బాలో పగులు చూపిస్తే అతని మాటా వినాలి. బండి ఆగిన రోజు కష్టమే. కానీ ఒక్క రోజు ఆగడం వేరు, దారిలో చక్రం బిగుసుకోవడం వేరు.

ఆడవాళ్లు అడగడమే కాదు, పని కూడా చేస్తున్నారు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా సుజాతనగర్‌లో ఒక మహిళ భర్తతో కలిసి షెడ్డు నడుపుతూ లారీల టైర్లు విప్పుతుందని, వెల్డింగ్ చేస్తుందని 2021 ప్రాంతంలో పత్రికలు రాశాయి. పానాకు ఆడ, మగ తేడా తెలియదు. పట్టు తెలిస్తే చాలు.

గుర్తుంచుకోండి
ఉత్త జాకీ మీది బండి కిందికి పోకూడదు.
బోల్టు తెగితే డబ్బా మార్చనక్కర్లేదు.
ఇనుప పొడి లోపల పడకూడదు.
పాత బోల్టు అంకె చదివే కొత్తది కొనాలి.

చదివి చెప్పండి
1. వెనక చక్రాలు పైకి లేపితే చేతి బ్రేకు ఎందుకు పనికిరాదు?
2. బోల్టు తల మీద 8.8 అని ఉంటే అర్థం ఏమిటి?
3. లోపలి ముక్క పొడవు 10 మిల్లీమీటర్లు. ఒక చుట్టుకు 1.25 మిల్లీమీటర్లు బయటికి వస్తుంది. ముక్క మొత్తం రావడానికి ఎన్ని చుట్లు తిప్పాలి? (జవాబు: 8)

రాయండి
బోల్టు, నట్టు, పానా, చూడి, జాకీ, చక్రం, నూనె, ఇరుసు.