పశువు కడుపులోని సూక్ష్మజీవులు – మన మేతలు
(అరసికెరెలో మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మూడు దిక్కుల ఆంధ్ర రాష్ట్రపు పొలిమేర చుట్టియున్న తాలూకా మనది. వానలు తక్కువ. వేరుసెనగ చేయిచ్చిన యేట ఇల్లు నడుపునది పాడియావు, కాకున్న నాలుగు గొఱ్ఱెలు. అట్టి ఆవు పెండ్లి మరునాడు మిగులన్నము తిని రెండు దినములలో చనిపోయిన యెడల ఆ కుటుంబమునకు కలుగు నష్టము మేము వేరుగా చెప్పనక్కరలేదు. దిష్టి తగిలెననియు, ఎవరో ఏదో పెట్టిరనియు అనుకొనుట కలదు. కారణము కడుపులోనే యున్నది. దానిని గూర్చియే నేడు నాలుగు మాటలు చెప్పదలచితిమి.

ఆవు, ఎనుము, గొఱ్ఱె, మేక – ఇవి నెమరువేయు జంతువులు. నెమరును మన కన్నడ సోదరులు మెలుకు అందురు. మన మేత వారికి మేవు. మాట వేరైనను కడుపు ఒక్కటే. ఆ కడుపున నాలుగు అరలున్నవి. వానిలో పెద్దదగు మొదటి పొట్ట పెద్ద ఆవునకు నూరు లీటర్లు పట్టును. గడ్డిలోని నారను అరిగించు శక్తి ఆవునకు స్వయముగా లేదు. ఆ పని చేయునవి పొట్టలో కాపురమున్న సూక్ష్మజీవులు. ఒక్క మిల్లీలీటరు పొట్టరసములో వేయికోట్ల బాక్టీరియా ఉండును. అనగా భూమిమీది మనుష్యులకంటె ఎక్కువ. వానికి తోడు లక్షల సంఖ్యలో ప్రోటోజోవా అను ఏకకణ జీవులు కలవు. వీనిని 1843లో ఫ్రాన్సు దేశమున గ్రూబీ, డెలఫాండ్ అను వారు కనుగొనిరి. బూజు జాతివి కూడ కలవని ఇంగ్లండులో ఆర్పిన్ అను శాస్త్రజ్ఞుడు 1975లో నిరూపించెను. గాలి తగిలిన బ్రతుకని ఈ జీవులను పెంచు పద్ధతిని అమెరికాలో హంగేట్ అను నాతడు ఏర్పరచి, 1966లో పెద్ద గ్రంథమునే వ్రాసెను.

ఈ జీవులు గడ్డిని పులియబెట్టి కొన్ని ఆమ్లములు చేయును. ఆవునకు కావలసిన శక్తిలో నూటికి డెబ్బది పాళ్లు ఆ ఆమ్లములవలననే వచ్చును. పిదప ఆ జీవులే క్రింది అరలోనికి జారి, అరిగి, ఆవునకు మాంసకృత్తు లగును. మనము ఆవును మేపుచున్నామని అనుకొందుము. నిజమునకు మనము మేపునది సూక్ష్మజీవులను, ఆవును మేపునవి అవి. ఎండుగడ్డి నమలునప్పుడు దినమునకు నూరు లీటర్లకు మించి ఊరు లాలాజలము పొట్టలోని పులుపును అణచును. నార తగ్గి, మిల్లుదాణా పెరిగినచో నెమరు తగ్గును, లాలాజలము తగ్గును, పాలలో వెన్నయు తగ్గును. పాల సంఘములో ధర తగ్గినప్పుడు కొలత వేసిన కుఱ్ఱవానిపై కోపించుటకు ముందు గాటిలో గడ్డి ఎంత యున్నదో చూచుకొనుట మేలు.

ఏ జీవులు పెరుగవలెనో, ఏవి తగ్గవలెనో నిర్ణయించున దేది? 2015లో 35 దేశములనుండి 32 జాతుల జంతువుల పొట్టరసము 742 నమూనాలు తెచ్చి పరీక్షించిరి. ముఖ్యమైన జీవులు లోకమంతట దాదాపు ఒక్కటే యని తేలినది. తేడాకు ప్రధాన కారణము మేత. జంతువు జాతి దాని తరువాతిది. వంశమునకును కొంత పాలు కలదని ఐరోపాలో వేయిపైచిలుకు ఆవులపై జరిపిన పరిశోధన 2019లో తెలిపెను. కాని వంశము మన చేతిలో లేదు, మేత మన చేతిలో నున్నది.

పెండ్లి అన్నము మాటకు వత్తము. గడ్డి మెల్లగా పులియును. అన్నము, రాగిపిండి, జొన్నలు, మొక్కజొన్నపిండి – ఇవి త్వరగా పులియును. అలవాటు లేని ఆవు ఒక్కసారి గంపెడు తిన్నచో పిండిని తిను బాక్టీరియా కొన్ని గంటలలో విపరీతముగా పెరిగి లాక్టిక్ ఆమ్లమును చేయును. ఆ పులుపునకు నారను అరిగించు జీవులు చచ్చును. ఒడలిలోని నీరంతయు పొట్టలోనికి లాగబడును. ఆవు నెమరు మానును, పండ్లు కొఱుకును, పుల్లని వాసనతో పలుచగా పేడవేయును, తుదకు పడిపోవును. అట్టి సమయమున నాలుక లాగిపట్టి నూనెయో, కషాయమో గొట్టముతో పోయుట కూడదు. అది ఊపిరితిత్తులలోనికి పోయి, ఉన్న రోగమునకు తోడు మరియొకటి తెచ్చును. పిండిపదార్థము దూరముగా నుంచి, వెంటనే పశువైద్యుని పిలువవలెను. సోడా ఉప్పు ఎంత ఈయవలెనో ఆయనయే చెప్పును. విందు చేయువారు ఎంగిలాకులను, మిగులన్నమును పశువులకు అందని చోట పాతిపెట్టించుట కూడ విందు ఏర్పాటులలో ఒకటిగా ఎంచవలెనని మా విన్నపము.

ఇక కరువు. రాగిగడ్డి, వేరుసెనగ కట్టె అయిపోయిన వేసవిలో పొరుగు సీమల వరిగడ్డియో, చెఱకాకో వచ్చును. పావగడ శ్రీ రామకృష్ణ సేవాశ్రమమువారు కరువు దినములలో పశుగ్రాసము పంచి చేసిన ఉపకారము మనకు తెలిసినదే. తిరుమణి ప్రాంతమున 2018లో మొదలై 13,000 ఎకరములలో వెలసిన సౌరవిద్యుత్ క్షేత్రమువలన కౌలు సొమ్ము వచ్చినవారున్నారు. భూమి లేని కాపరులకు మాత్రము మేతబయలు తగ్గినది. బయటి మేతపై ఆధారపడుట ఇక పెరుగునే కాని తగ్గదు. క్రొత్త మేత మంచిదైనను పొట్టలోని జీవులు దానికి తగినట్లు మారుటకు రెండు వారములైన పట్టును. మొదటి మూడు నాలుగు దినములు పాతమేతలో పావువంతు క్రొత్తది, పిదప సగము, పిదప ముప్పాతిక – ఇట్లు మార్చవలెను. పాతమేత అడుగంటిన తరువాత క్రొత్తమేతకై పోవుటకంటె, కొంచెము మిగిలియుండగనే పోవుట ఇందులకే అవసరము.

ఉత్త వరిగడ్డిలో సారము తక్కువ. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 40 మొదలు 60 లీటర్ల నీటిలో కరగించి చల్లి, గాలి చొరకుండ పట్టాకప్పి మూడు వారములుంచినచో గడ్డి మెత్తబడును. సూక్ష్మజీవులు అందలి అమ్మోనియానుండి మాంసకృత్తు చేసికొనును. తీసిన గడ్డిని కొంతసేపు ఆరనిచ్చియే వేయవలెను. ఆరు నెలలలోపు దూడలకు ఈయరాదు. యూరియా నీటిని పశువు త్రాగనే కూడదు, అది విషము.

దూడల సంగతి వేరు. వానికి మొదట పెద్దపొట్ట పనిచేయదు. పాలు నేరుగా నాలుగవ అరకు పోవును. బాక్టీరియా ఎట్లైనను చేరును కాని, ప్రోటోజోవా పెద్ద పశువుల లాలాజలము తగిలిననే వచ్చును. తల్లి నాకుట ఉత్త ముద్దుకొఱకే కాదన్న మాట.

ఇట్లు ఒకదానినుండి ఒకదానికి సంక్రమించుటకు వింతయైన దృష్టాంతము సుబాబులుది. దాని ఆకులలో మైమోసిన్ అను విషము కలదు. ఆస్ట్రేలియాలో ఆ ఆకు ఎక్కువగా మేసిన పశువులకు వెండ్రుకలు రాలి, గొంతు వాచెను. హవాయి దీవులలోని మేకలకు ఏమియు కాలేదు. జోన్స్ అను శాస్త్రజ్ఞుడు ఆ మేకల పొట్టలో ఆ విషమును హరించు బాక్టీరియా ఉన్నదని గ్రహించి, పొట్టరసమును ఆస్ట్రేలియాకు కొనిపోయి అచటి పశువులకు పట్టగా వ్యాధి తగ్గెను. 1992లో ఆ బాక్టీరియాకు ఆయన పేరే పెట్టిరి.

విషము విరుచు జీవులున్నట్లే విషము విడిపించునవియు కలవు. మనవారు నాము అనునది ఇదియే. పూతకు రాని లేతజొన్న, బెట్టకు వాడినది, కోసిన మోడునుండి లేచిన పిలక – వీనిలో దాగిన పదార్థమును నమలుటయు, పొట్టలోని బాక్టీరియాయు విడగొట్టగా సయనైడు వెలువడి, నిమిషములలో పశువు కూలును. వానకు ముందు ఆకలిగొన్న మందను పిలకజొన్న ప్రక్క తోలుకొనిపోవు కాపరులకు ఈ మాట తప్పక చెప్పుడు. సూదిమందు కలదు, కాని వైద్యుడు వచ్చువరకు పశువు నిలువవలెను గదా! బాగుగ ఎండిన చొప్పలో ఆ విషము చాలవరకు పోవును.