ఋణం తీర్చడమూ మొక్కు చెల్లించడమే

(నకిరేకల్‌లో భక్తుల సత్సంగంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద సాధారణంగా పురాణ శ్రవణం జరుగుతుంది. ఈ సాయంత్రం అప్పుల గురించి, ముఖ్యంగా క్రెడిట్ కార్డు బాకీల గురించి మాట్లాడవలసిందిగా ధర్మకర్తలు నన్ను ఆదేశించారు. నేను ముప్పై సంవత్సరాలు బ్యాంకులో పనిచేసి, విరమణ తరువాత దేవస్థానం విరాళాల కౌంటరు వద్ద సేవ చేసుకొంటున్నవాణ్ణి. దేవుని సన్నిధిలో అప్పుల ప్రస్తావన ఏమిటని కొందరికి అనిపించవచ్చు. కాని మన పురాణాలకు, భక్తుల చరిత్రలకు అప్పు కొత్త విషయం కాదు.

పద్మావతీ దేవితో కల్యాణం కోసం శ్రీనివాసుడు కుబేరుని వద్ద ఋణం తీసుకొన్నాడని తిరుమల స్థలపురాణం చెబుతుంది. ఆ వడ్డీని స్వామి నేటికీ చెల్లిస్తూనే ఉన్నాడని మన విశ్వాసం. అందుకే ఆయనను వడ్డికాసులవాడని పిలుచుకొంటాం. పెళ్లిళ్లకు శక్తికి మించి ఖర్చు చేసేవారు ఈ కథను తమకు తోడు తెచ్చుకొంటారు. దేవుడే అప్పు చేసి పెళ్లాడాడు, మనమెంత అంటారు. అయితే స్వామి ఆ అప్పుకు పత్రం వ్రాసి ఇచ్చాడు. బ్రహ్మ, శివుడు సాక్షులుగా ఉన్నారు. ఎవరి వద్ద తీసుకొన్నదీ, ఎందుకు తీసుకొన్నదీ, ఎలా తీర్చవలసిందీ ఆయనకు తెలుసు. మన జేబులోని కార్డు వడ్డీ ఎంతో మనలో ఎందరికి తెలుసు?

ఇంకొక కథ మన తెలంగాణదే. నేలకొండపల్లికి చెందిన కంచర్ల గోపన్న పాల్వంచ తహసీల్దారుగా ఉంటూ, వసూలైన శిస్తు సొమ్ముతో భద్రాద్రి రామునికి ఆలయం కట్టించాడు. తానీషా ఆయనను పన్నెండేళ్లు గోల్కొండ చెరలో ఉంచాడు. చివరకు రామలక్ష్మణులు మారువేషాలలో వచ్చి ఆరు లక్షల మొహరీలు చెల్లించి, రసీదు వ్రాయించుకొన్నారని కథ. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఆ సొమ్ముతో కట్టింది తన గుడే. అయినా స్వామి బాకీని మాఫీ చేయించలేదు. పైకం చెల్లించాడు, రసీదు తీసుకొన్నాడు. దేవుని పేరు మీద ఖర్చు చేసినంత మాత్రాన అప్పు అప్పు కాకుండా పోదని దీని అర్థం.

ఇక మన నేల సంగతికి వస్తాను. నల్లగొండ జిల్లాకు అప్పు భారం బాగా తెలుసు. మన తాతల కాలంలో వానాకాలం మొదట్లో తినడానికీ విత్తడానికీ గింజలు లేనివారు నాగుకు ధాన్యం తెచ్చుకొనేవారు. పంట కల్లంలోకి రాగానే ఒక పుట్టికి పుట్టిన్నర కొలిచి ఇచ్చేవారు. అప్పు తీరనివారు భగేలాలుగా దొరల ఇళ్లలో, పొలాల్లో చాకిరీ చేసేవారు. ఆ ఒప్పందాలను అదుపు చేయడానికి 1936లో నిజాం ప్రభుత్వమే ఒక చట్టం తేవలసి వచ్చింది. ఆ తరం చదువుకోకపోయినా వడ్డీ లెక్క నోటి మీద ఉంచుకొంది. నూటికి నెలకు రూపాయి మిత్తి, రెండు రూపాయల మిత్తి, మూడు రూపాయల మిత్తి అని ఈనాటికీ మనం అనుకొనే లెక్క అదే. మిత్తి అంటే మృత్యువు అనే అర్థం కూడా మన భాషలో ఉంది.

ఆ లెక్కలో క్రెడిట్ కార్డును కొలిచి చూద్దాం. బిల్లు మొత్తాన్ని గడువులోగా కట్టేవారికి కార్డు మంచి పనిముట్టే, వడ్డీ పడదు. మొత్తం కట్టకుండా కొంత మిగిల్చినవారికి అనేక కార్డుల మీద నెలకు సుమారు మూడున్నర శాతం వడ్డీ పడుతుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. రెండూ కలిపితే నూటికి నెలకు నాలుగు రూపాయలు దాటుతుంది. మన ఊళ్లో ఎవరైనా నాలుగు రూపాయల మిత్తికి అప్పు ఇస్తానంటే గుమ్మం దగ్గరే దండం పెట్టి పంపేస్తాం. అదే అప్పు మెరిసే కార్డు రూపంలో, పండుగ తగ్గింపులతో వస్తే సంతోషంగా సంతకం చేస్తున్నాం.

కార్డు వడ్డీ ఏడాదికి 30 శాతం దాటితే అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పు చెప్పింది. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. కాబట్టి మన జాగ్రత్తే మనకు రక్ష.

నిరుడు విరాళాల కౌంటరు వద్దకు ఒక యువకుడు వచ్చాడు. కాలం చేసిన తండ్రి పేరిట అన్నదానానికి పెద్ద మొత్తం ఇస్తానని కార్డు అందించాడు. మాటల్లో మాటగా, ఆ కార్డు మీద అప్పటికే 50,000 రూపాయల బాకీ ఉందనీ, నెలనెలా కనీస మొత్తం మాత్రమే కడుతున్నాననీ చెప్పాడు. నేను కాగితం తీసి అతని ముందే లెక్క వేశాను. 50,000కు నెల వడ్డీ 1,750, పన్ను 315, మొత్తం 2,065 రూపాయలు. అతడు 2,500 కడితే అసలులో తగ్గేది 435 మాత్రమే. అదే 2,500 క్రమం తప్పక కట్టినా తీరడానికి మూడేళ్ల ఎనిమిది నెలలు పడుతుంది, మొత్తం చెల్లింపు లక్షా ఎనిమిది వేలు. బాకీ తగ్గినకొద్దీ కనీస మొత్తమూ తగ్గుతుంది. దానిలో అయిదు శాతమే కడుతూ పోతే బాకీ సగానికి రావడానికే అయిదేళ్లు దాటుతుంది. నెలకు 5,000 కడితే పద్నాలుగు నెలల్లో తీరుతుంది, మొత్తం చెల్లింపు 66,000 లోపే. "నాయనా, నేడు నూటపదహార్లు ఇవ్వు. మిగిలింది కార్డుకు కట్టు. తీరిన తరువాత రా, మీ నాన్నగారి పేరిట సంతోషంగా వడ్డిద్దాం" అన్నాను. అతడు కొంచెం నొచ్చుకొన్నాడు. ఈ మధ్య బాకీ లేదని బ్యాంకు ఇచ్చిన పత్రంతో వచ్చాడు. దానిని స్వామి పాదాల వద్ద పెట్టించి, ఆ తరువాతే అన్నదానానికి రసీదు వ్రాశాను.

బాకీలో ఉన్నవారు ఏం చేయాలి?

మొదట అన్ని అప్పులనూ ఒకే కాగితం మీద వ్రాయండి. ఎవరికి, ఎంత, ఎన్ని రూపాయల మిత్తి, ఏ తేదీ. చేబదులు, చీటీ, బంగారం తాకట్టు, కార్డు, ఏదీ విడువవద్దు. ఆ కాగితాన్ని భార్యాభర్తలిద్దరూ చూడాలి. నా అనుభవంలో, ఇంట్లో దాచిన అప్పే అన్నిటికన్నా వేగంగా పెరుగుతుంది.

రెండవది, బాకీ తీరేవరకు ఆ కార్డుతో ఏదీ కొనవద్దు. పాత బాకీ మిగిలి ఉన్నప్పుడు కొత్తగా కొన్న వస్తువుకు వడ్డీలేని గడువు వర్తించదు, కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. కార్డుతో నగదు తీస్తే ఎప్పుడైనా అంతే. కార్డు గీకి, కమీషను పట్టుకొని నగదు చేతికిచ్చే దుకాణాల వైపు అసలే పోవద్దు. ఒక కార్డు బాకీని మరొక కార్డుతో తీర్చడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

మూడవది, అన్నిటికీ కనీస మొత్తం కడుతూ, మిగిలిన ప్రతి రూపాయినీ ఎక్కువ మిత్తి ఉన్న అప్పుకే మళ్లించండి. వీలుంటే తక్కువ వడ్డీకి మారండి. బ్యాంకులో బంగారం మీద అప్పు సుమారు రూపాయి మిత్తికి దొరుకుతుంది. మహిళా సంఘంలో ఉన్నవారికి సంఘం అప్పు ఉంది. అయితే ఆ సొమ్ముతో కార్డు బాకీ తీర్చిన రోజే కార్డును రద్దు చేయించండి. లేకపోతే ఏడాదిలో రెండు అప్పులూ మెడకు చుట్టుకొంటాయి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, బాకీ లేని కార్డును రద్దు చేయమని కోరితే ఏడు పనిదినాల్లో రద్దు చేయాలి. ఆలస్యం చేస్తే రోజుకు 500 రూపాయల చొప్పున మీకే చెల్లించాలి.

నాలుగవది, భయపడవద్దు. బకాయి వసూలు కోసం ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తరువాత ఫోను చేయకూడదని రిజర్వు బ్యాంకు ఆదేశం. దూషించినా, బంధువుల ముందు అవమానించినా బ్యాంకుకు వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ముప్పై రోజుల్లో పరిష్కారం రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. బాకీ తీర్చగలిగినదే, పోయిన ప్రాణం తిరిగి రాదు. మనసు కుంగినవారు ఇంటివారితో చెప్పుకోండి, లేదా 14416 నంబరుకు ఫోను చేయండి. అది ప్రభుత్వం నడిపే ఉచిత సేవ.

అప్పు తీరిన తరువాత మళ్లీ పడకుండా ఉండడం మరొక సాధన. దానికి కావలసిన అలవాటు మన ఇళ్లలోనే ఉంది. ఆపద వస్తే పసుపు గుడ్డలో నాణెం కట్టి దేవుని ముందు ముడుపు పెడతాం. ఎంత అవసరం వచ్చినా దానిని విప్పం. ఆ నియమాన్నే సంసారానికీ వర్తింపజేయండి. పిల్లల చదువుకు ఒక ముడుపు, పండుగలకు ఒకటి, వైద్యానికి ఒకటి. బ్యాంకులో వేరు ఖాతాగా ఉంచినా ముడుపే.

మన నకిరేకల్ నిమ్మ మార్కెట్టు సంగతి మీకు తెలిసిందే. ఎండాకాలం పలికిన ధర వానాకాలం పలకదు. రైతుకు, వ్యాపారికి, హమాలీకి ఆదాయం కాలాన్ని బట్టి వస్తుంది. కార్డు బిల్లు మాత్రం ప్రతి నెలా అదే తేదీకి వస్తుంది. అందుకే వేసవి రాబడిలో వానాకాలపు ముడుపును ముందే కట్టుకోవాలి. 1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లా మహిళలు సారా వ్యతిరేక ఉద్యమం తరువాత రోజుకు ఒక్క రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు. ఈనాటి మహిళా సంఘాలకు బలమిచ్చిన అలవాట్లలో అదొకటి. చిన్న మొత్తమని చులకన చేయకూడదు.

ఇంకొక మాట. అమావాస్యకు మనలో అనేకులు చెరువుగట్టు జడల రామలింగేశ్వరుని దర్శనానికి వెళ్లి అక్కడ నిద్ర చేస్తారు. ప్రతి అమావాస్యకు ఇంటిల్లిపాదీ కూర్చొని ఆ నెల జమాఖర్చులు చూసుకోవడం కూడా ఒక వ్రతంగా పెట్టుకోండి. అవసరం లేని పెద్ద వస్తువేదైనా కొనాలనిపిస్తే, ఆ కోరికకూ ఒక రాత్రి నిద్ర చేయించండి. తెల్లవారేసరికి చాలా కోరికలు వాటంతటవే సెలవు తీసుకొంటాయి.

ఇక దాతలకు ఒక విన్నపం. దీనిని ధర్మకర్తల సమ్మతితోనే చెబుతున్నాను. ఈ దేవస్థానం మీ విరాళాలతో నడుస్తున్నది. అయినా నాలుగు రూపాయల మిత్తి అప్పుతో తెచ్చిన విరాళం మాకు వద్దు. అప్పులో ఉన్నవారు తులసీదళం సమర్పించినా స్వామికి తక్కువ కాదు. ఋణ విమోచన నృసింహ స్తోత్రాన్ని భక్తితో పఠించండి. అది మనోధైర్యం ఇస్తుంది. ఆ ధైర్యంతో ఈ నెల వాయిదా కట్టడం మాత్రం మన చేతులే చేయాలి.

భారతంలో యక్షుడు సుఖి ఎవరని అడిగితే, ఇంట్లో కూరాకు వండుకొని తిన్నా అప్పులేనివాడని ధర్మరాజు సమాధానమిచ్చాడు. మొక్కు బాకీ పడితే మనకు నిద్ర పట్టదు. మనిషికి పడిన బాకీ విషయంలోనూ ఆ భయభక్తులే ఉండాలి. మీ అందరి ఇళ్లలో బాకీలు తీరి, ముడుపులు నిండాలని స్వామిని ప్రార్థిస్తూ సెలవు తీసుకొంటున్నాను.

స్వస్తి.