గ్లోవ్స్ వేసుకున్నాం కదా, ఇంకేం భయం?

ఈ ఎపిసోడ్ ముఖ్యంగా ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, ఫార్మసీ చదువుతున్నవాళ్లకి, పీహెచ్‌డీ కోసం అమెరికానో జర్మనీయో వెళ్తున్నవాళ్లకి. నాది బీటెక్, ఆ తర్వాత కోడింగ్. నాకూ కెమిస్ట్రీకీ చుట్టరికం ఫస్టియర్ టైట్రేషన్‌తోనే తెగిపోయింది. కానీ ఈ కేసు చదివాక మీకు చెప్పకుండా ఉండలేకపోయాను.

కేరెన్ వెటర్‌హాన్. అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం, డార్ట్‌మత్ కాలేజీలో కెమిస్ట్రీ ప్రొఫెసర్. ఆవిడ రీసెర్చ్ ఏంటో తెలుసా? విషపు లోహాలు ఒంట్లోకి వెళ్తే ఏం చేస్తాయి అన్నదే. అంటే తెలియక చేతులు పెట్టిన మనిషి కాదు.

1996 ఆగస్టు 14. ఎన్‌ఎమ్ఆర్ అనే పరికరంలో కొలతలకి ప్రమాణంగా పెట్టుకోవడానికి డైమిథైల్ మెర్క్యురీ కొద్దిగా కావాల్సొచ్చింది. పాత థర్మామీటర్‌లో మెరిసే పాదరసం కాదండీ ఇది. నీళ్లలా రంగు లేకుండా ఉంటుంది, తొందరగా ఆవిరైపోతుంది, కొవ్వులో ఇట్టే కలుస్తుంది. అందుకే చర్మాన్ని దాటుతుంది, మెదడు దాకా వెళ్తుంది. ఆవిడ ఫ్యూమ్ హుడ్‌లోనే పనిచేస్తున్నారు, అంటే ఆవిర్లని బయటికి లాగేసే అద్దాల అర. కళ్లజోడు ఉంది, కోటు ఉంది, చేతులకి లేటెక్స్ గ్లోవ్స్ ఉన్నాయి. పిపెట్‌తో తీస్తుంటే కొన్ని చుక్కలు గ్లోవ్ మీద పడ్డాయి. అంతా శుభ్రం చేసి, ఆ తర్వాత గ్లోవ్స్ తీసేశారు. అంతే.

అయిదు నెలలు గడిచాయి. 1997 జనవరికి నడుస్తుంటే తూలు, మాటలో తడబాటు. అప్పటికే బరువు తగ్గారు. ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేస్తే లీటరుకి 4,000 మైక్రోగ్రాముల పాదరసం! 200 ఉంటేనే విషం కింద లెక్క. చికిత్స మొదలెట్టారు, కానీ కొద్ది వారాల్లోనే కోమాలోకి వెళ్లిపోయారు. జూన్ 8న చనిపోయారు. వయసు 48.

నాకు ఒళ్లు జలదరించిన సంగతి ఇంకోటుంది. ఆవిడ వెంట్రుకని ముక్క ముక్కగా పరీక్షించారు. వెంట్రుక నెలకి దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కదా, ఏ నెలలో ఒంట్లో ఏముందో అందులో నమోదై ఉంటుంది. మా సాఫ్ట్‌వేర్ భాషలో లాగ్ ఫైల్ అన్నమాట. ఆగస్టు తర్వాత పాదరసం ఒక్కసారిగా ఎగబాకింది, ఆ తర్వాత మెల్లగా దిగుతూ వచ్చింది. ఒకే ఒక్కసారి. ల్యాబ్ నోట్‌బుక్‌లో ఉన్న తేదీకి సరిగ్గా సరిపోయింది.

మరి గ్లోవ్ ఏం చేస్తోంది? తర్వాత టెస్ట్ చేయిస్తే తేలింది: ఆ కెమికల్ లేటెక్స్‌ని 15 సెకన్లలోపే దాటేస్తుంది. గ్లోవ్ చిరగక్కర్లేదు, కన్నం పడక్కర్లేదు. పైకి చక్కగానే కనిపిస్తుంది. ఆవిడ అప్పటి నియమాలు దేన్నీ తప్పలేదు. నియమమే తప్పు.

ఇప్పుడు మన ల్యాబులకి వద్దాం. నీలం రంగు నైట్రైల్ గ్లోవ్స్ ఉంటాయి కదా, అవి అన్నిటికీ పనికొస్తాయని చాలామంది నమ్మకం. పల్చటి నైట్రైల్‌ని అసిటోన్, డైక్లోరోమీథేన్ లాంటివి నిమిషాల్లోనే దాటేస్తాయి. అసిటోన్‌కి బ్యూటైల్ రబ్బరు మేలు. కెమికల్ మారితే గ్లోవ్ మారాలి. ఎంతసేపు ఆపుతుంది అన్నదాన్ని బ్రేక్‌త్రూ టైమ్ అంటారు. ప్రతి కెమికల్‌కీ సేఫ్టీ డేటా షీట్ ఉంటుంది, అందులో 16 సెక్షన్లు. గ్లోవ్స్ సంగతి 8వ దాంట్లో చూడాలి. నిజం చెప్పాలంటే చాలా షీట్లలో 'తగిన గ్లోవ్స్ వాడండి' అని రాసి చేతులు దులిపేసుకుంటారు. అలా ఉంటే గ్లోవ్స్ కంపెనీవాళ్ల చార్ట్ తెరవాల్సిందే. పల్చటి గ్లోవ్ మీద చుక్క పడితే వెంటనే తీసెయ్యండి, చేతులు కడగండి, కొత్తవి వేసుకోండి. వాడిన డిస్పోజబుల్ గ్లోవ్స్‌ని ఆరబెట్టి రేపటికి దాచేవాళ్లున్నారు, దయచేసి వద్దు. అవే గ్లోవ్స్‌తో రీల్స్ తిప్పి, అదే ఫోన్ చెంపకి ఆనించుకునేవాళ్లకైతే ఏం చెప్పాలో నాకు తెలీదు!

అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: అసలు ఈ కెమికలే కావాలా? వెటర్‌హాన్ ఉదంతం తర్వాత, ఆ కొలతలకి ఇంత ప్రమాదం లేని పాదరసం లవణాలు వాడమని సలహా ఇచ్చారు. తప్పనిసరైతే లోపల లామినేట్ గ్లోవ్, దానిపైన పొడుగాటి నియోప్రీన్ గ్లోవ్ వేసుకోమన్నారు. ఆవిడ ఇంకా మంచం మీద ఉండగానే, 1997 మేలో, డార్ట్‌మత్‌వాళ్లు కెమిస్టులు చదివే పత్రికకి ఉత్తరం రాసి మరీ అందరినీ హెచ్చరించారు.

రేపు ల్యాబుకి వెళ్లగానే గ్లోవ్స్ డబ్బా ఫొటో ఒకటి తీసుకోండి. కంపెనీ పేరు, మోడల్ నంబరు దానిమీదే ఉంటాయి. వాళ్ల చార్ట్‌లో మీరు రోజూ వాడే సాల్వెంట్ ఎదురుగా ఎన్ని నిమిషాలు రాసుందో చూడండి. సరే ఫ్రెండ్స్, ఉంటాను.