నిఘా మన మీద, సాక్ష్యం ఎవరి చేతిలో?

(దాచేపల్లిలో కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఊళ్లల్లో కెమెరాలు వచ్చాయి, అందరి చేతిలో ఫోన్లు వచ్చాయి. కెమెరా కొత్తదేగానీ నిఘా మనకు కొత్త కాదు. తెల్లదొరల నేరస్థ జాతుల చట్టం కింద పాత గుంటూరు జిల్లాలోనే, స్టూవర్టుపురంలో, ఎరుకలోళ్లను సెటిల్మెంటులో పెట్టి హాజరు తీసుకున్నారు. పుట్టుకే నేరమన్నారు. 1952లో ఆ చట్టం పోయింది. పోలీసు రిజిస్టరు మాత్రం పోలేదు.

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే ఆయన మీద పెట్టిన బందిపోటు కేసు సాక్ష్యం లేక పోయింది. అయినా హిస్టరీ షీటు తెరిచి, రాత్రిళ్లు తలుపు కొట్టారు. రాత్రిపూట ఇంటి మీదికి రావడం తప్పేనని 1962లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ రాజ్యాంగంలో గోప్యత హక్కు లేదంది. ఒప్పుకోనిది ఎవరు? మన రాజమండ్రి మనిషి జస్టిస్ కోకా సుబ్బారావు గారు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు ఆయన మాటే నిలబెట్టారు. గోప్యత అంటే ఏందనుకున్నారు? దొరగారి మేడ తలుపెంతో, మన పాక తడికా అంతే!

2021లో హైదరాబాదులో పోలీసులు ఎస్.క్యూ. మసూద్ అనే కార్యకర్తను రోడ్డు మీద ఆపి ఫోటో తీశారు. ముఖాలు గుర్తుపట్టే యంత్రాల మీద ఆయన హైకోర్టుకెక్కారు. కులం చూసి హిస్టరీ షీట్లు తెరవడం తప్పని 2024 మే నెలలో సుప్రీంకోర్టే చెప్పింది.

హక్కుంది గదా అని నిద్రపోతే కుదరదు. చాటుగా తీసిన టేపయినా, అది అసలుదై, కేసుకు సంబంధించినదైతే కోర్టు చూడొచ్చని 1972లో మల్కానీ కేసులో తీర్పుంది. అది మన మీదికీ రావచ్చు, మనకూ పనికిరావచ్చు. చుండూరు మర్చిపోయామా? 1991లో మనోళ్లను నరికారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలేసింది. 2014లో సాక్ష్యం నిలవలేదని హైకోర్టు అందర్నీ వదిలేసింది. అందుకే దాచేపల్లోళ్లం సాక్ష్యం దాచుకోవడం నేర్వాలి!

ఒకటి: పెత్తందారు కులం పేరుతో తిట్టింది ఫోనులో పడితే, ఆ ఫోను అమ్మబాకండి, వీడియో కత్తిరించబాకండి. వాట్సాప్‌లో పంపాం గదా అనుకుంటే చాలదు. అసలు ఫోనే సాక్ష్యం.

రెండు: కోర్టుకు కాపీ ఇస్తే సర్టిఫికెట్ ఉండాలని 2020లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. 2024 జూలై 1 నుంచి అది సాక్ష్య అధినియమం 63వ సెక్షన్. వకీలును మొదటి రోజే అడగండి.

మూడు: స్టేషన్లో చెయ్యి చేసుకుంటే, అక్కడి కెమెరా రికార్డు కావాలని వెంటనే రాసివ్వండి. ఏడాదికి తగ్గకుండా దాచాలని 2020 డిసెంబరు 2 నాటి తీర్పు. ఆలస్యం చేస్తే అది చెరిగిపోద్ది.

నాలుగు: సోదాకొచ్చి ఫోను తీసుకుంటే, ఏం తీసుకున్నారో రాసిన కాయితం కాపీ అడగండి. సోదాను వీడియో తీయాలని కొత్త చట్టమే చెబుతోంది.

ఐదు: అట్రాసిటీ కేసు విచారణ వీడియో తీయాలని మన చట్టంలో 15ఎ సెక్షనుంది. 2016 నుంచీ ఉంది. అడిగినోళ్లు ఎంతమంది?

వాళ్ల కెమెరా మనల్ని చూస్తానే ఉంటది. మన ఫోను కూడా వాళ్లను చూస్తదని తెలియాలి. ఈ అయిదు మాటలూ పల్లెపల్లెకూ చేర్చండి. చదువొచ్చిన పిల్లలు ఇంటింటికీ చెప్పండి.

జై భీమ్!