పాటకు పెట్టు మెరుగులు

ఒకప్పుడు పాటకు కొంచెము మారుమ్రోత చేర్చవలెనన్న రికార్డింగు శాలకు ఒక ఖాళీ గది కావలసియుండెను. ఆ గదిలో ఒకవైపు లౌడుస్పీకరును, మరియొకవైపు మైకును ఉంచి, పాటను అందు మ్రోగించి మరల గ్రహించెడివారు. 1957లో జర్మనీలోని ఇ.ఎం.టి. సంస్థ గదికి బదులు పెద్ద ఉక్కు రేకును చట్రములో బిగించి, దాని కంపనముచే మారుమ్రోతను పుట్టించినది. ఆ పరికరము బరువు 200 కిలోలకు పైమాటయే. నేడు ఆ గదియు, ఆ రేకును కంప్యూటరులోని మిక్సరులో, తెరమీది చిన్న గడిలో ఇమిడిపోయినవి. ఇట్టి అమరికలనే ప్లగిన్లందురు. 1996లో స్టెయిన్‌బర్గ్ సంస్థ వి.ఎస్.టి. అను పద్ధతిని వెలువరించిన పిదప, ఒకరు రచించిన ప్లగిన్ మరియొకరి మిక్సరులో చేరుట సుకరమైనది. గదికి అద్దె లేదు, రేకును మోయు కూలి లేదు. కాబట్టియే ఒకటి చాలిన చోట ఐదు చేరుచున్నవి; పాట చిక్కిపోవుచున్నది.

శ్రోతలలో ఇంటనే పాట రికార్డు చేసికొనువారు కలరు. వారి నిమిత్తము ఒక చిన్న కచేరీనే తీసికొందము. గాత్రము, వయొలిను, మృదంగము, తంబుర; నాలుగింటికి నాలుగు మైకులు, మిక్సరులో నాలుగు ట్రాకులు. పైన ఫంకా తిరుగుచున్నది.

మొదట గాత్రపు ట్రాకున ఈక్వలైజరు నుంచి 80 హెర్ట్జులకు దిగువనున్న గుయ్యను శబ్దమును కోయవచ్చును. ఒకటవ శ్రుతిలో పాడు పురుషుని మంద్ర పంచమము సుమారు 98 హెర్ట్జులు. కనుక గాత్రమునకు హాని లేదు. ఇదే కత్తెరను మృదంగపు ట్రాకున వేసితిమా, ఎడమవైపు గంభీరనాదము సన్నగిల్లును.

ఫంకా హోరును పోగొట్టు ప్లగిన్ వేరొకటి కలదు. హోరు మాత్రమే వినవచ్చు భాగమును రెండు సెకండ్లు చూపినచో, అట్టి ధ్వనిని పాటయంతట వెదకి తగ్గించును. ఆ రెండు సెకండ్లలో తంబుర కూడ మ్రోగుచున్నచో, పాపము, ఆ యంత్రమునకు తంబురయు హోరే! కనుక తంబుర మీటక పూర్వమే ఆ మాదిరిని గ్రహింపవలెను.

కంప్రెసరు హద్దు మీరిన ధ్వనిని అణచును. మూడింటికొకటి నిష్పత్తి పెట్టినచో, హద్దుపై 3 డెసిబెళ్లు పెరుగవలసిన ధ్వని ఒక్కటియే పెరుగును. ప్రసంగమునకు ఇది మేలు. ఆలాపనకు అట్లు కాదు. మంద్రమున మెల్లగా మొదలై తారస్థాయిలో విప్పారుటయే అందలి సొగసు. దానిని చదును చేసి, పిమ్మట మొత్తమును హెచ్చించినచో, గాయకుని ఊపిరియు ఫంకా చప్పుడును ముందునకు వచ్చి నిలుచును.

మారుమ్రోతను నాలుగు ట్రాకులకు నాలుగుగా పెట్టరాదు. ఒకే ప్లగిన్‌ను వేరుగా ఉంచి, ఒక్కొక్క ట్రాకునుండి కొంత కొంత దానికి పంపినచో అందరును ఒకే సభలో కూర్చున్నట్లుండును. ఎంతసేపు మ్రోగవలెనన్నది పాటను బట్టి యుండును. సెకండుకు ఎనిమిది స్వరములు పలుకు చోట రెండు సెకండ్ల మారుమ్రోత నుంచినచో, పదునారు స్వరముల నీడలు ఒకదానిపై నొకటి పడును.

1997లో వచ్చిన ఆటోట్యూన్‌ను గూర్చి నా అభిప్రాయము కఠినమైనది. దానిని కల్పించిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు భూగర్భమున చమురు వెదకుటకై కంపనములను పరిశోధించిన మేధావి, యంత్రము గొప్పదే. జారిన స్వరమును అది దగ్గరి స్వరస్థానమునకు లాగును. కాని తోడి రాగపు గాంధారము ఒకచోట నిలుచునది కాదు; ఊగుటయే దాని రూపము. గట్టిగా బిగించిన ఆటోట్యూన్ ఆ ఊపును తప్పుగా నెంచి మెట్లు మెట్లుగా నరకివేయును. గమకమే ప్రాణమైన పాటకు దీనిని దాపునకు రానీయరాదు.

ఏ ప్లగిన్‌నైనను ఒకసారి చేర్చి, ఒకసారి తొలగించి వినవలెను. అట్లు వినునపుడు రెండింటి బిగ్గరతనము సమముగా నుండవలెను. ఏలయన, బిగ్గరగా వినవచ్చినదే చెవికి మేలుగా తోచును.

మిక్సరులోని ప్లగిన్ మూలధ్వనిని చెరపదు, పైపూతగా పనిచేయును. కావున ఏ మెరుగును లేని ట్రాకులను వేరొక ప్రతిగా భద్రపరుపుడు. 2019లో ఆపిల్ సంస్థ తన మాకింటోష్ కంప్యూటర్లలో 32 బిట్ల ప్రోగ్రాములకు తావు లేకుండ చేసినపుడు పెక్కు పాత ప్లగిన్లు మూగవోయినవి. అట్టివేళ విడి ట్రాకులు దాచుకొన్నవారు తమ పాటను మరల కూర్చుకొనవచ్చును.