అపరిచితుని పిలుపు



ఏటేట ఈ మహాసభలో విద్యార్థి వేతనములను గూర్చియో, వసతిగృహమును గూర్చియో నాలుగు మాటలు చెప్పుట మాకు వాడుక. ఈసారి కార్యదర్శిగారు టెలిఫోను మోసములను గూర్చి చెప్పుమని కోరిరి. మమ్మే యేల కోరిరన, మేము మోసపోయితిమి గనుక. ముప్పదియేండ్లకు పైగా పిల్లల తప్పులు దిద్దిన మాకు మా తప్పును సభలో చదివి వినిపించుట సులభము కాదు. అయినను వినిపించెదము.

2024వ సంవత్సరము కార్తీకమాసమున నొక యుదయము మా టెలిఫోను మ్రోగెను. "బాబాయిగారూ, నమస్కారమండీ" అని యొక యువకుని కంఠము. మా పేరు, గోత్రము, స్వగ్రామము, చేసిన యుద్యోగము తడబాటు లేక చెప్పెను. తానును మనవాడే యనెను. తండ్రికి గుండెజబ్బు వచ్చి గుంటూరు ఆసుపత్రిలో నున్నాడనియు, డాక్టరుగారికి పంపవలసిన యిరువదివేల రూపాయలు పొరపాటున మా నెంబరునకు పంపితిననియు, శస్త్రచికిత్సకు వేళ మించుచున్నదనియు చెప్పి యేడ్చెను. అంతలో 20,000 రూపాయలు జమయైనట్లు మా ఫోనునకు సందేశము వచ్చెను. మేము మాఱుమాట లేక పంపివేసితిమి. పంపి, "నాన్నగారి క్షేమము తెలుపు నాయనా" అనియు చెప్పితిమి! సాయంకాలము ఖాతా చూచుకొనగా వచ్చిన సొమ్ము పద్దు లేదు. పోయిన సొమ్ము పద్దు మాత్రమే కలదు. ఆ సందేశము బ్యాంకు పంపినది కాదు. బ్యాంకు సందేశములు బ్యాంకు పేరిటి సంకేతాక్షరములతో వచ్చును. ఇది పది యంకెల సామాన్యమైన నెంబరునుండి ఆ పిల్లవాడే వ్రాసి పంపినది. కంటిచూపు మందగించినదని చెప్పుకొనవచ్చును గాని, నిజమునకు మేము చూడనేలేదు.

దొంగలు కొందఱు ఆశపెట్టి దోతురు, కొందఱు భయపెట్టి దోతురు. 'డిజిటల్ అరెస్టు' అను బెదిరింపును గూర్చి 2024 అక్టోబరు 27వ తేదీన ప్రధానమంత్రిగారే రేడియో ప్రసంగమున హెచ్చరించియున్నారు. అట్టి అరెస్టు మన చట్టమున లేదు. పత్రికలలో చాల వచ్చినది గనుక దానిని విడచెదము. మాకు తగిలినది వేఱు జాతి. హితోపదేశమున ముసలిపులి బంగారు కంకణము చూపి బాటసారిని బురదలోనికి దింపినది. అచ్చట ఎర ఆశ. ఇచ్చట ఎర మన జాలియే. దీనికి తగిన పోలిక అరణ్యకాండమున గలదు. రావణుడు సన్న్యాసి వేషమున వచ్చి యెవరవని యడుగగా, అతిథికి బదులు చెప్పకున్న శపించునేమో యని జానకి తన పుట్టినిల్లు, మెట్టినిల్లు, వనవాస కారణము సమస్తమును చెప్పెను. (లక్ష్మణుడు గీచెనను గీత వాల్మీకి రామాయణమున లేదు, ఈ మాట చెప్పిచెప్పి యలసితిమి.) ఆమె చేసినది అతిథిపూజ. తప్పు వేషము వేసినవానిది. నష్టము మాత్ర మామెది.

సొమ్ము పోయిన రాత్రియే 1930 నెంబరునకు ఫోను చేసితిమి. వారు మర్యాదగానే వివరములు వ్రాసికొనిరి. ఆ సొమ్ము ఏ ఖాతాకు చేరినదో ఆ బ్యాంకునకు తెలిపి నిలుపుటకు వారికి వీలు గలదు. కాని అది యింకను ఖాతాలో నున్ననే. మేము ఆలస్యము చేసితిమి, సిగ్గుచేత నొక గంట మఱింత ఆలస్యము చేసితిమి. తెలిసిన నిమిషముననే చేయవలెను. మఱియు, పొరపాటున సొమ్ము పంపితినను వానితో "మీ బ్యాంకునకు చెప్పుకొనుము" అనుట నిర్దయ కాదు. దానికి త్రోవ అదియే.

ఇప్పుడు వేఱొకటి. దారిలో నొకడు "ఒక్క కాలు చేసికొందును, ఫోను ఇయ్యండి" యని యడిగి, *21* అని నొక్కి తన నెంబరు చేర్చినచో, తరువాత మనకు వచ్చు కాల్సన్నియు వానికి పోవును. బ్యాంకువారు కాలులో చెప్పు రహస్యసంఖ్యయు వాని చెవినే పడును. *#21# నొక్కిన అట్లు మళ్లించినదీ లేనిదీ తెలియును. ##002# నొక్కిన మళ్లింపులు రద్దగును.

ఇది తెలిసికొన్న పిమ్మట 2025 వేసవిలో బస్సుస్టాండున నొక వృద్ధురాలు కాగితపుముక్కపై నెంబరు చూపి, కొడుకునకు ఫోను చేయుమని మమ్మడిగెను. మేము తల త్రిప్పుకొంటిమి. మా బస్సు కదలునప్పటికి ఆమె యింకొకరి నడుగుచుండెను. ఇరువదివేలు పోయిన రాత్రి నిద్రపట్టినది. ఆ రాత్రి పట్టలేదు. నెంబరు మేమే నొక్కి, ఫోను మా చేతనే యుంచుకొని, అందఱకు వినబడునట్లు పెట్టి మాటలాడింపవచ్చును గదా! ఇప్పుడట్లే చేయుచున్నాము. ఆమెకు మాత్రము చేయలేకపోతిమి.

ఇక అసలు సంగతి. ఆ యువకునకు మా గోత్ర మెట్లు తెలిసెను? పేరు, గోత్రము, గ్రామము, వృత్తి అని వాడు చెప్పిన వరుస మాకు చాలదినములు చెవిలో మ్రోగెను. ఎక్కడనో చదివినట్లుండెను. 2023వ సంవత్సరపు మన సంచిక వెనుక పుటలలోని సభ్యుల పట్టిక తీసి చూచితిమి. అదే వరుస, చివరి గడిలో టెలిఫోను నెంబరు. ఆ పట్టికకు ప్రూఫులు దిద్దినది మేమే.

కావున రెండు ప్రతిపాదనలు సభముందుంచుచున్నాము. ఇకమీద పట్టికలో నెంబర్లు అచ్చువేయరాదు; కార్యదర్శిగారి కడ నుంచి, అడిగినవారి నెఱిగి ఇయ్యవలెను. రెండవది, మనవాడనని ఆపద చెప్పుకొని సొమ్మడిగినవాని మాట ఆ యూరి శాఖవారికి చేర్పవలెను. గుంటూరున మనకు శాఖ గలదు. ఒకరు ఆసుపత్రికి పోయి రోగిని చూచి వచ్చుటకు గంటసేపు చాలును. రోగి నిజముగా నున్నచో ఆ మొదటి వేయి రూపాయలు మేమే యిచ్చెదము.